కొత్త ఓఎస్‌కు మారమని ఎప్పుడు అడగాలి? బెంగళూరులోని తెలుగు ఇంజనీర్లకు బహిరంగ లేఖ

ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) విడుదల బృందాల్లో, అప్‌డేట్ బృందాల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, మేనేజర్లకు నమస్కారం.

నేను రామమూర్తి నగర్, కె.ఆర్.పురం చుట్టుపక్కల చిన్న ఆఫీసులకూ షాపులకూ కంప్యూటర్ల ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) చూస్తుంటాను. నా కస్టమర్లలో ఎక్కువమంది చిత్తూరు, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్లు. జీఎస్టీ రిటర్న్‌లు వేసే కన్సల్టెంట్లు, జెరాక్స్ సెంటర్లు, ట్యూషన్లు, చిన్న క్లినిక్కులు, గ్రానైట్ గోడౌన్లు. కొందరి దగ్గర విండోస్ ఉంది, కొందరికి ఉబుంటు అనే ఉచిత ఓఎస్ వేసిచ్చాను. కొత్త వెర్షన్ వచ్చిందని వీళ్ల స్క్రీన్ మీద ఎప్పుడు చూపించాలో మీ బృందాలు తేలుస్తాయి. చూపించిన రోజు నుంచి ఫోన్లు నాలాంటివాళ్లకు మొదలవుతాయి. "అన్నా, పైన ఏదో వచ్చిండాది, నొక్కేదా వద్దా?" అని.

ఆ ప్రశ్నకు నేను చెప్పే జవాబు చాలా ఏళ్లుగా ఒకటే: "ఇప్పుడొద్దు, నేను వచ్చి చూస్తా." ఆ జవాబు చెప్పాల్సిన అవసరమే రాకూడదన్నది నా కోరిక. ఏఎంసీ ఇచ్చుకోలేనివాళ్లు, అడగడానికి మనిషి లేనివాళ్లు ఈ ఊళ్లో లెక్కలేనంతమంది ఉన్నారు. వాళ్లకు స్క్రీన్ మీద వచ్చే ఆ కిటికీలో కనిపించే నాలుగు ముక్కలే దిక్కు.

కొత్త వెర్షన్‌ను విడుదల చేయడం, దానికి మారమని వాడేవాళ్లను అడగడం రెండూ వేర్వేరు పనులు. విడుదలకు తేదీ ఉంటుంది, ఉండాలి కూడా. తేదీ లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తికాదని నాకూ తెలుసు. మారమని అడగడానికి మాత్రం షరతు ఉండాలి. జనం దగ్గర ఈ రోజు నిజంగా ఉన్న వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లే దారిలో ఇబ్బంది లేదని తేలాకే అడగాలి. అడిగాక కూడా, ఏ రోజున మారాలన్నది యంత్రం ముందు కూర్చునే మనిషే చెప్పాలి. ఈ లేఖలో నేను అడిగేదంతా ఇదే.

కొత్త డిస్కులో ఓఎస్ వేయడాన్ని మీరు ల్యాబులో ఎన్నిసార్లయినా చేసి చూడొచ్చు. ప్రతిసారీ ఖాళీ డిస్కుతోనే మొదలవుతుంది కాబట్టి ఒకసారి సరిగ్గా వచ్చింది చాలావరకు పదోసారీ వస్తుంది. వాడుతున్న యంత్రం సంగతి అలా ఉండదు. నాలుగేళ్ల కిందట వేసిన ఓఎస్, దాని మీద ట్యూషన్ సారు మేనల్లుడు వీడియో చూసి కలిపిన పీపీఏలు (బయటివాళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ వనరులు), ఎప్పుడో అమ్మకం ఆపేసిన లేజర్ ప్రింటర్‌కు కంపెనీ సైటు నుంచి దించిన డ్రైవర్, ఆధార్ వేలిముద్ర పరికరానికి వేసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకాలకు వాడే డీఎస్‌సీ టోకెన్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న పరికరం) సాఫ్ట్‌వేర్, డిస్కులో మిగిలిన కాస్త జాగా. ఏ రెండు యంత్రాలూ ఒకేలా ఉండవు. మీ టెస్టు యంత్రం ఇలా ఉండదు, నా కస్టమర్ యంత్రం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

2024లో ఉబుంటు 24.04 విషయంలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. 1970 జనవరి 1 నుంచి సెకన్లను లెక్కపెట్టే 32 బిట్ల అంకె 2038 జనవరి 19న నిండిపోతుంది. అందుకని ఏఆర్‌ఎం రకం చిప్ ఉన్న 32 బిట్ల యంత్రాలకు ఆ లెక్కను 64 బిట్లకు పెంచే పని ఆ విడుదలలో పెట్టుకున్నారు. దూరం ఆలోచించి చేసిన పని, చేయాల్సిన పని. దానికోసం చాలా లైబ్రరీ ప్యాకేజీల (వేరే ప్రోగ్రాములు ఆధారపడే సాఫ్ట్‌వేర్ ముక్కల) పేర్ల చివర టీ64 అని చేర్చారు. ఆ పేరు మార్పు మామూలు ఇంటెల్, ఏఎండీ యంత్రాలకూ వర్తించింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నవాడికి ఇదేమీ కనిపించదు, కొత్త పేర్లే వస్తాయి. అంతకు ముందటి వెర్షన్ 23.10 వాడుతున్నవాడికి మాత్రం పాత పేరుతో ఉన్నది తీసి కొత్త పేరుతో ఉన్నది పెట్టాలి, వాటి మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నీ ఆ మధ్యలో చెదరకుండా ఉండాలి. అక్కడ చిక్కులొచ్చాయి. 2024 ఏప్రిల్ 25న 24.04 విడుదలైంది, కానీ 23.10 వాళ్లకు మారే దారిని ఆ రోజున తెరవలేదు. విడుదల ఆగలేదు, ఆహ్వానం ఆగింది. నేను అడుగుతున్న పద్ధతి సరిగ్గా ఇదే. ఆ రోజు వద్దు అని గట్టిగా చెప్పిన ఇంజనీర్లకు చేతులెత్తి నమస్కరిస్తాను.

రెండేళ్లకోసారి వచ్చే, ఎక్కువకాలం మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్లు వాడేవాళ్లకు ఉబుంటులో ఇంకా మంచి నియమం ఉంది. ఏప్రిల్‌లో కొత్త ఎల్‌టీఎస్ వచ్చినా, పాత ఎల్‌టీఎస్ వాళ్లకు మారమన్న సూచన అప్పుడే రాదు. మొదటి పాయింట్ విడుదల, అంటే చివర .1 ఉన్నది, వచ్చేదాకా ఆగుతారు. మామూలుగా అది ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. 24.04.1ను 2024 ఆగస్టు 15న ఇవ్వాలనుకుని, లోపాలు కనిపించడంతో ఆగస్టు 29కి జరిపారు. ఆ తర్వాత పాత ఎల్‌టీఎస్ అయిన 22.04 వాళ్లకు దారి తెరిచారు. అప్‌గ్రేడ్ చేసే పనిముట్టు, ఏ ప్యాకేజీలు పెట్టాలో తేల్చే ఏపీటీ సాల్వర్‌ను వాడుకునే తీరులో పెద్ద లోపం బయటపడగానే మళ్లీ మూసేశారు, సరిచేశాక తెరిచారు. నాలుగు నెలలు ఆగినా, ఇంకో రెండు వారాలు ఆగినా, తెరిచాక కూడా లోపం దొరికింది. ఏప్రిల్ 25నే అందరికీ కిటికీ చూపించి ఉంటే ఆ లోపాలన్నీ ఎవరి యంత్రాల మీద బయటపడేవో ఆలోచించండి. 22.04కు మామూలు మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిచేసే ప్యాచ్‌లు రావడం, 2027 దాకా ఉంది. 2024లో దాన్ని వాడుతున్నవాణ్ని తొందరపెట్టాల్సిన కారణం ఒక్కటీ లేదు.

అందరూ ఆగితే లోపాలు ఎప్పటికి బయటపడతాయి, ఎవరో ఒకరు ముందు వాడాలి కదా అని మీ మీటింగుల్లో ఎవరైనా అంటారు. ఆ మాటలో నిజముంది. ముందుగా మారాలనుకునేవాళ్లు ఉంటారు, నేనూ నా సొంత యంత్రంలో ముందే మారతాను. టెర్మినల్లో కమాండ్ కొట్టి మారేవాడికి దారి ఉండనివ్వండి, దొరికిన లోపాన్ని అతను మీకు రాసి పంపుతాడు. తలుపు తీసి ఉంచడం వేరు, ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టడం వేరు. జెరాక్స్ సెంటర్‌లో పదో తరగతి మార్కుల మెమో ప్రింటు కోసం లైను నిలబడి ఉండగా కుర్రాడి స్క్రీన్ మీద వచ్చే కిటికీని అతను ఆహ్వానంగా చూడడు. కంప్యూటర్ అడుగుతోంది, చేయకపోతే ఏదో పాడవుతుందేమో అనుకుంటాడు. "సరే" నొక్కుతాడు.

2018 అక్టోబర్ సంగతి మీకందరికీ తెలిసే ఉంటుంది. విండోస్ 10లో 1809 అనే అప్‌డేట్ అక్టోబర్ 2న వచ్చింది. కొన్ని యంత్రాల్లో డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లను అది తుడిచేసింది. ఆ ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకుని, పాత చోట కూడా ఫైళ్లు మిగిల్చుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. ఫైళ్లు పోయాయని ఫిర్యాదు చేసినవాళ్లు ఒక శాతంలో నూరోవంతే, అంటే పదివేలకు ఒక్కరేనని ఆ కంపెనీ చెప్పింది. మీ డాష్‌బోర్డులో అది చిన్న అంకె. ఆ ఒక్కరు పాప నామకరణం ఫొటోలన్నీ ఆ ఫోల్డర్లోనే పెట్టుకున్న మనిషైతే, అతనికి నూటికి నూరు పోయినట్టే. నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. ముందే పరీక్షించిన కొందరు ఇలా ఫైళ్లు పోతున్నాయని రాసి పెట్టారు. తమకూ ఇదే జరిగిందని ఎక్కువమంది ఓట్లు వేయలేదు కాబట్టి ఆ ఫిర్యాదులు అడుగున పడిపోయాయి. ఆ తర్వాత ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో చెప్పే వీలు కల్పించారు. మీ దగ్గరా ఇలాంటి జాబితాలు ఉంటాయి. మారమని అడిగే ముందు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో చూడడంతో ఆగకండి, డేటా పోయిందన్న ఫిర్యాదు ఒక్కటున్నా దాన్ని పూర్తిగా తేల్చేదాకా కిటికీ చూపించకండి.

అందరికీ ఒకేసారి చూపించడం ఎంత ప్రమాదమో 2024 జూలై 19 చెప్పింది. అది ఓఎస్ అప్‌గ్రేడ్ కాదు, క్రౌడ్‌స్ట్రయిక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక ఫైలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి, మన బెంగళూరు విమానాశ్రయంలోనూ జనం క్యూల్లో నిలబడ్డారు. ఉబుంటులో మామూలు అప్‌డేట్లను కూడా విడతలుగా కొద్దిమందికి పంపి, క్రాష్ రిపోర్టులు పెరిగితే ఆపే ఏర్పాటు ఉంది. చిన్న అప్‌డేట్‌కే అంత జాగ్రత్త పడుతున్నప్పుడు, మొత్తం ఓఎస్ మార్చేటప్పుడు ఇంకెంత పడాలి?

ఇప్పుడు తేదీల సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే దీని గురించి మీటింగ్ రూముల్లో మాట్లాడేవాళ్లు తక్కువని నా అనుమానం.

నా కస్టమర్లలో ట్యాక్స్ కన్సల్టెంట్లకు నెలలో రెండు తేదీలు చాలా ముఖ్యం. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్న్‌లు. జూలై 31న ఆదాయపు పన్ను రిటర్న్‌లు. సెప్టెంబర్ 30న ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులు. మార్చి నెలాఖరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల రిటర్న్ మీద డీఎస్‌సీ టోకెన్‌తోనే సంతకం పెట్టాలి, ఫోనుకు వచ్చే ఓటీపీతో కుదరదు. ట్యూషన్ సెంటర్లకు జూన్ అడ్మిషన్లు. క్లినిక్కులకు వర్షాకాలంలో డెంగీ రోజులు. ఇప్పుడు మీ క్యాలెండర్ చూడండి. ఎల్‌టీఎస్ పాయింట్ విడుదల ఆగస్టులో. విండోస్ ఏడాది అప్‌డేట్ ఏటా రెండో సగంలో. ఆడిట్ పని నెత్తిమీద ఉన్న రోజుల్లోనే కిటికీ వస్తుంది.

కె.ఆర్.పురంలో నేను చూసే ఒక కన్సల్టెంట్ ఆఫీసులో ఓ నెల 19 సాయంత్రం ఇదే జరిగింది. ఏ కంపెనీ ఓఎస్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. రాత్రికి రాత్రి యంత్రం కొత్త వెర్షన్‌లోకి మారింది, పొద్దున టోకెన్ పెడితే గుర్తించలేదు. టోకెన్ కంపెనీ కొత్త ఓఎస్‌కు డ్రైవర్ ఇంకా ఇవ్వలేదు. ఆయన తన బామ్మర్ది షాపు లాప్‌టాప్ తెప్పించుకుని, దాంట్లో అన్నీ మళ్లీ వేయించుకుని, అర్ధరాత్రి దాకా కూర్చుని కొన్ని రిటర్న్‌లు వేశారు. మిగిలినవాటికి రోజుకు 50 రూపాయల చొప్పున లేటు ఫీజు పడింది. క్లయింట్ల డబ్బు కాబట్టి ఆయనే కట్టుకున్నారు. డబ్బు పెద్దది కాదు. పదేళ్ల క్లయింట్ "సార్, లేటయిందంట కదా" అని అడిగినప్పుడు ఆయన ముఖం నేను చూశాను.

విండోస్‌లో యాక్టివ్ అవర్స్ అని ఉంది. రోజులో ఏ గంటల్లో పని చేసుకుంటారో చెబితే ఆ వేళల్లో రీస్టార్ట్ చేయదు. మంచి ఆలోచన. గంటలు అడిగినప్పుడు తేదీలూ అడగొచ్చు కదా? నెలలో ఈ రోజుల మధ్య నా జోలికి రావొద్దు, ఏడాదిలో ఈ నెలల్లో అసలు అడగొద్దు అని వాడుకరి ఒక్కసారి చెప్పుకునే వీలుండాలి. ఇది పెద్ద ఇంజనీరింగ్ పని కాదని మీకు నాకంటే బాగా తెలుసు. అప్‌డేట్లను ఐదు వారాల దాకా ఆపుకోవచ్చని ఎవరైనా గుర్తుచేస్తారేమో. ఆ బటన్ నొక్కితే భద్రతా ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి. 2019 నుంచి విండోస్‌లో పెద్ద ఫీచర్ అప్‌డేట్ వేరే బటన్‌గా కనిపిస్తోంది, దాన్ని మెచ్చుకోవాలి. అయినా మద్దతు గడువు దగ్గరపడ్డాక అదే తనంతట తాను దిగిపోతుంది.

వెనక్కి వెళ్లే గడువు సంగతీ ఇక్కడే చెప్పాలి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, నచ్చకపోతే పాతదానికి తిరిగి వెళ్లడానికి 30 రోజులిచ్చారు. 2016లో దాన్ని 10 రోజులకు తగ్గించారు. విండోస్ 11లోనూ మామూలుగా 10 రోజులే. కమాండ్ రాసి పెంచుకోవచ్చు, ఆ కమాండ్ నాకు తెలుసు, నా కస్టమర్‌కు తెలియదు. ఈ 10 రోజుల లెక్క జీఎస్టీ నెలతో పోల్చి చూడండి. 21న తీరిగ్గా మారిన మనిషి టోకెన్‌ను మళ్లీ చేతిలోకి తీసుకునేది తర్వాతి నెల 10న. అది పనిచేయడం లేదని తెలిసేసరికి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది. డిస్కులో జాగా పడుతుందన్న మీ కారణం నాకు అర్థమవుతుంది. జాగా చాలినంత ఉన్నచోటైనా కనీసం 40 రోజులివ్వండి, నెలకోసారి చేసే ప్రతి పనీ ఆ లోపల ఒకసారి జరిగిపోతుంది. ఉబుంటులోనైతే వెనక్కి వెళ్లే మామూలు దారే లేదు, అందుకే అక్కడ అడిగే ముందు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

భద్రత గురించి. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని వార్తలొచ్చాయి, ఆ రోజుల్లో ఊరి నుంచి నాకు వచ్చిన ఫోన్లు ఇప్పటికీ గుర్తున్నాయి. కానీ ఆ దాడిని ఆపే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది. విండోస్ 7కూ వచ్చింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆ విండోస్ 7 యంత్రాలే. వాళ్లు కొత్త ఓఎస్‌కు మారాల్సిన పనిలేదు, ఆ ప్యాచ్ ఒక్కటి వేసుకుని ఉంటే సరిపోయేది.

మరి ఎందుకు వేసుకోలేదు? రకరకాల కారణాలుంటాయి, పైరసీ కాపీలూ ఒక కారణం. నా పనిలో నాకు రోజూ కనిపించే కారణం మాత్రం భయం. ఒకసారి అడగని అప్‌గ్రేడ్ దిగి ప్రింటర్ పోయిందంటే, ఆ షాపు యజమాని నన్ను పిలిచి మొదట అడిగేది "అన్నా, ఈ అప్‌డేట్లన్నీ శాశ్వతంగా ఆపేయ్" అనే. అప్‌గ్రేడ్ వేరు, ప్యాచ్ వేరు అని నేను ఎంత చెప్పినా ఆయనకు రెండూ ఒక్కటే, రెండూ ఒకే చక్రం తిరిగే స్క్రీన్‌తోనే వస్తాయి. తొందరపడి చూపించిన ఒక ఆహ్వానం వల్ల ఆ యంత్రం తర్వాతి ఐదేళ్లూ ప్యాచ్‌లు లేకుండా బతుకుతుంది. మీరు భద్రత పేరుతో తొందరపెడితే, ఆ తొందర వల్లే భద్రత పోతుంది. ప్యాచ్‌లను ఎంత త్వరగా పంపినా నాకు అభ్యంతరం లేదు, పంపాలి. ఓఎస్ మార్పును వాటితో కలపకండి. కిటికీ రంగు, మాటలు, చోటు అన్నీ వేరుగా ఉండనివ్వండి.

వద్దన్నవాడి మాటను వద్దనే తీసుకోవాలన్నది ఇంకో విషయం. 2016లో విండోస్ 10 కిటికీని ఎర్ర ఇంటూ నొక్కి మూస్తే, అప్పటికే నిర్ణయించిన టైముకు అప్‌గ్రేడ్ జరగడానికి ఒప్పుకున్నట్టే లెక్కేశారు. విమర్శలొచ్చాక మార్చారు. అదే ఏడాది, కాలిఫోర్నియాలో చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకామె తన ప్రమేయం లేకుండా జరిగిన అప్‌గ్రేడ్ మీద కోర్టుకెక్కితే మైక్రోసాఫ్ట్ ఆమెకు 10 వేల డాలర్లు చెల్లించింది. మన దగ్గర ఎవరూ కోర్టుకెక్కరు. ఇక్కడ జనం మౌనంగా భరిస్తారు కాబట్టి మీ లెక్కల్లో ఆ నష్టం కనబడదు. "తర్వాత గుర్తుచేయి" పక్కన "ఈ వెర్షన్‌కు మద్దతు ఉన్నంతకాలం అడగొద్దు" అన్న బటన్ కూడా పెట్టండి.

ఆలస్యంగా అడగడం వల్ల కూడా నష్టముంది. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025 మే 31న అయిపోయింది. ఎల్‌టీఎస్‌లను ఒక్కొక్కటిగానే దాటాలి కాబట్టి, ఆ రోజుదాకా కదలనివాళ్లు 24.04కు రావాలంటే ముందు 22.04కు, దాని నుంచి 24.04కు, రెండు పెద్ద మార్పులు చేయాల్సి వచ్చింది. రెండుసార్లు డౌన్‌లోడ్, రోజుకు రెండు జీబీ ఇచ్చే మొబైల్ హాట్‌స్పాట్ మీద. మధ్యలో బెస్కాం కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు నిలబెడుతుందో చెప్పలేం. చివరి నెలలో హడావిడిగా అడిగేకంటే, పాయింట్ విడుదల వచ్చి దారి కుదుటపడ్డాక, గడువుకు ఇంకా ఏడాదికి పైగా ఉండగా నెమ్మదిగా అడగడం మేలు. "మీ వెర్షన్‌కు ఫలానా తేదీ దాకా భద్రతా ప్యాచ్‌లు వస్తాయి, ఆ లోపల మీకు వీలైన రోజు చెప్పండి" అని.

మద్దతు తొమ్మిది నెలలే ఉండే 23.10 లాంటి వెర్షన్లు వాడేవాళ్లకు న్యాయం ఇంకోలా చేయాలి. 23.10 మద్దతు 2024 జూలై 11న ముగిసింది. కొత్తది ఏప్రిల్ 25న వచ్చింది. ఆ రెండింటి మధ్య ఉన్న రెండున్నర నెలల్లో దారి తెరవడం ఆలస్యమైతే, ఆ ఆలస్యమంతా వాడేవాళ్ల గడువులోంచి పోతుంది. దారి ఎన్ని రోజులు ఆలస్యంగా తెరిస్తే పాతదాని గడువు అన్ని రోజులు పెంచాలని నియమం పెట్టుకోండి. అప్పుడు మీ మీదా ఒత్తిడి ఉండదు, బాగా పరీక్షించి తెరవొచ్చు.

మారలేని యంత్రాలకు ఆహ్వానమే వద్దు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లోనైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌గా దొరికే లాప్‌టాప్‌లు చాలావరకు అంతకు ముందువి, మీ కంపెనీలే వాడి తీసేసినవి. ఇంటర్ చదివే పిల్లలకు కొనిపెట్టే యంత్రాలవే. వాటి మీద "మీ పీసీ అర్హమైనది కాదు" అన్న కిటికీ పదే పదే చూపించడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. దాని బదులు, 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు పొందే ఈఎస్‌యూ పథకంలో ఎలా చేరాలో అక్కడే, తెలుగులో కన్నడంలో చెబితే ఆ తల్లిదండ్రులకు మేలు.

అడిగే కిటికీలో ఏముండాలో కూడా రాసేస్తాను. ఎన్ని జీబీ దించాలి. ఈ యంత్రంలో సుమారు ఎంతసేపు పడుతుంది. పీపీఏలలాంటి బయటి వనరుల్లో ఏవి ఆగిపోతాయి, పేర్లతో. కలిపి ఉన్న ప్రింటర్, టోకెన్, వేలిముద్ర పరికరాల్లో వేటికి కొత్త వెర్షన్‌లో డ్రైవర్ ఉందో, వేటికి లేదో. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ ఉంటే, 22.04లోని 14 నుంచి 24.04లోని 16కు అది తనంతట తాను మారదని, చేత్తో మార్చుకోవాలని. బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తీశారో. కొత్త వాల్‌పేపర్, గుండ్రటి మూలలు, కొత్త ఐకాన్ల గురించి ఆ కిటికీలో ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

మేం మీ నుంచి అడగడమే కాదు, ఇవ్వడానికీ సిద్ధంగా ఉన్నాం. నాలాగా ఏఎంసీలు చూసేవాళ్లు, ఎస్పీ రోడ్డులో సర్వీసు బెంచీల మీద పనిచేసేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది, వాళ్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. కస్టమర్లు మార్చేసిన పాత డిస్కులు, పదేళ్ల ప్రింటర్లు, నాలుగైదు రకాల టోకెన్లు, వేలిముద్ర పరికరాలు మా అరల్లో ఉంటాయి. ఏప్రిల్ విడుదలకూ ఆగస్టు పాయింట్ విడుదలకూ మధ్య ఏదైనా శని, ఆదివారాల్లో మీరు ఒక గది, నెట్ ఏర్పాటు చేయండి. సొంతదారుల అనుమతితో, డేటా తీసేసి, ఆ యంత్రాలను అలాగే పట్టుకొస్తాం. మా ముందే అప్‌గ్రేడ్ నడిపి చూడండి, ఏది ఎక్కడ ఆగిందో లాగ్ తీసుకోండి. ఒక షరతు: అక్కడ దొరికిన లోపాలు సరయ్యేదాకా, ఆ రకం యంత్రాలకు కిటికీ చూపించకూడదు.

ఇట్లు,
కంప్యూటర్ల ఏఎంసీ చూసే ఒక తెలుగువాడు,
రామమూర్తి నగర్, బెంగళూరు